ఆడపిల్లల మీదుగా నడిచిన కిరీటాలు: మధ్యయుగ స్పెయిన్ రాజ్యాల వారసత్వం

స్పెయిన్ రాజుల పట్టికలో ఎనిమిదో అల్ఫోన్సో తర్వాత తొమ్మిదో అల్ఫోన్సో పేరు కనిపిస్తే, ఎనిమిదోవాడు పోయాక తొమ్మిదోవాడు గద్దెనెక్కాడనీ, బహుశా ఆయన కొడుకే అయివుంటాడనీ అనుకోవడం సహజం. నిజానికి వారిద్దరూ అన్నదమ్ముల పిల్లలు. ఒకే కాలంలో ఒకరు కాస్టీల్‌లోనూ మరొకరు లియోన్‌లోనూ రాజ్యం చేశారు. సరిహద్దు కోటల కోసం కొట్టుకున్నారు. ఆ తగవు తీర్చుకోవడానికి వియ్యమంది మామా అల్లుళ్లయ్యారు. ఆ పెళ్లి చెల్లదని పోపు తీర్పు చెప్పాడు. చెల్లదన్న ఆ పెళ్లిలో పుట్టిన కొడుకే చివరికి రెండు రాజ్యాలకూ రాజయ్యాడు.

లియోన్, కాస్టీల్ రాజులందరినీ తర్వాతి చరిత్రకారులు ఒకే వరసలో లెక్కించడం వల్ల ఈ అంకెల తికమక ఏర్పడింది. ఆరగాన్ లెక్క మళ్లీ వేరు. అందుకే ఇసబెల్లా రాణి భర్త ఆరగాన్‌లో రెండో ఫెర్నాండో, కాస్టీల్‌లో ఐదో ఫెర్నాండో. దీనికి తోడు సాంచో, గార్సియా, అల్ఫోన్సో, రామిరో, ఫెర్నాండో అనే కొద్దిపాటి పేర్లే తరతరాలుగా తిరుగుతూ ఉంటాయి. తొలి శతాబ్దాల్లో తండ్రి పేరును కొడుకు పేరుకు చేర్చేవారు కాబట్టి గార్సియా సాంచెస్ అంటే సాంచో కొడుకు గార్సియా అని పోల్చుకోవచ్చు. తండ్రిని గుర్తించడానికి ఈ పద్ధతి ఉపయోగపడుతుంది గానీ తల్లిని మాత్రం పూర్తిగా దాచేస్తుంది. ఈ రాజ్యాలు ఎన్నోసార్లు తల్లుల వైపు నుంచే చేతులు మారాయి కాబట్టి, ఈ వంశవృక్షాలను మగవారి పేర్ల వెంట చదివినంతకాలం చిక్కుముడి విడిపోదన్నది నా అభిప్రాయం.

ప్రతి తరంలోనూ ఎదురైన అసలు ప్రశ్న ఇది: రాజుకు కొడుకు లేకపోతే రాజ్యం కూతురికి దక్కుతుందా, కూతురి ద్వారా ఆమె కొడుక్కి మాత్రమే దక్కుతుందా, లేక ఆమె వైపు నుంచి అసలు రానేరాదా? 14వ శతాబ్దపు ఫ్రాన్స్ మూడో సమాధానాన్ని ఎంచుకుంది. కాస్టీల్, లియోన్ రాజ్యాలు మొదటిదాన్ని పాటించాయి. ఆరగాన్ రెండోదానివైపు మొగ్గింది. పక్కపక్కనే ఉండి, ఒకే మూలపురుషుడి సంతానం ఏలిన రాజ్యాలు ఈ విషయంలో విడిపోవడం వల్ల కలిగిన పర్యవసానాలు 16వ శతాబ్దం దాకా సాగాయి.

దీని మూలాలు చాలా పాతవి. లియోన్ రాజ్యానికి మూలమైన, ఉత్తరాన కొండల్లోని అస్టూరియాస్ రాజ్యానికి ఆద్యుడైన పెలాయో కొడుకు ఫావిలా 739లో ఎలుగుబంటి చేతిలో చనిపోయాడని పాత వృత్తాంతాలు చెబుతాయి. ఆ తర్వాత రాజైనవాడు పెలాయో అల్లుడు మొదటి అల్ఫోన్సో. పెలాయో కూతురు ఎర్మెసిందా ఆయన భార్య. 774లో సీలో రాజు కావడానికి కారణం కూడా ఆయన భార్య అడోసిందా మొదటి అల్ఫోన్సో కూతురు కావడమే. అప్పటికి రాజ్యం తండ్రి నుంచి కొడుక్కి రావాలన్న నియమం స్థిరపడలేదు. పెద్దలు కూడి రాజవంశంలో సమర్థుణ్ణి ఎన్నుకునే అలవాటు, అంతకుముందు స్పెయిన్‌ను ఏలిన విసిగోత్‌ల నాటిది, ఇంకా బతికే ఉంది. అయితే ఆ వంశంతో సంబంధం ఆడపడుచు ద్వారా కలిసినా సరిపోతుందన్న భావం అప్పుడే నాటుకుంది.

1035లో పాంప్లోనా రాజు మూడో సాంచో మరణించినప్పుడు ఉత్తర స్పెయిన్‌లోని క్రైస్తవ రాజ్యాల్లో చాలా భాగం ఆయన చెప్పుచేతల్లో ఉంది. ఆయన రాజ్యాన్ని కొడుకులకు పప్పుబెల్లాల్లా పంచిపెట్టాడని కొందరు రాస్తారు. ఆ మాట సరికాదని నేననుకుంటాను. పిత్రార్జితానికీ, తరువాత వచ్చి చేరిన ఆస్తికీ మనం చూసే తేడాయే ఆ పంపకంలో కనిపిస్తుంది. తాతతండ్రుల నుంచి వచ్చిన పాంప్లోనా, రాజు అనే హోదా ధర్మపత్ని కన్న పెద్దకొడుకు గార్సియాకు దక్కాయి. పెళ్లికి ముందు మరొక స్త్రీకి పుట్టిన రామిరోకు ఆరగాన్ ప్రాంతం, చిన్నవాడైన గొన్సాలోకు తూర్పున సొబ్రార్బె, రిబగోర్సా లభించాయి. కాస్టీల్ మాత్రం సాంచో సొత్తే కాదు. అది ఆయన భార్య మునియడోనా పుట్టింటి కౌంటు పదవి (ఒక ప్రాంతాన్ని ఏలే సామంత పదవి). ఆమె తమ్ముడైన యువ కౌంటు 1028 ప్రాంతంలో లియోన్ నగరంలో హత్యకు గురికావడంతో హక్కు ఆమెకు వచ్చింది. ఆమె ద్వారా ఆమె కొడుకు ఫెర్నాండోకు చేరింది.

ఆ హతుడు లియోన్‌కు వెళ్లింది పెళ్లి చేసుకోవడానికి. పెళ్లికూతురు లియోన్ రాజు మూడో బెర్ముడో చెల్లెలు సాంచా. తర్వాత ఫెర్నాండో ఆ సాంచానే వివాహమాడాడు. 1037లో తమరోన్ వద్ద జరిగిన యుద్ధంలో బెర్ముడో సంతానం లేకుండా చనిపోగా, బావమరిది రాజ్యం భార్య హక్కుగా ఫెర్నాండోకు దక్కింది. మరుసటి ఏడాది లియోన్‌లో ఆయనకు పట్టాభిషేకం జరిగింది. అంటే కాస్టీల్ ఆయనకు తల్లి తెచ్చినది, లియోన్ భార్య తెచ్చినది. పాఠ్యపుస్తకాలు మాత్రం ఆయన రెండింటినీ ‘కలిపాడు’ అని ఒక్క మాటలో ముగిస్తాయి.

ఫెర్నాండో 1065లో చనిపోతూ పంచిన తీరు ఆయన తండ్రి పద్ధతికి భిన్నమైనది, అంతకంటే ప్రమాదకరమైనది. పెద్దకొడుకు సాంచోకు కాస్టీల్ ఇచ్చి, ప్రతిష్ఠలో గొప్పదైన లియోన్‌ను రెండోవాడు అల్ఫోన్సోకు ఇచ్చాడు. గలీషియా మూడోవాడు గార్సియాకు వెళ్లింది. కూతుళ్లు ఉర్రాకా, ఎల్విరాలకు రాజ్యంలోని రాజకుటుంబ మఠాల మీద ఆధిపత్యం కల్పించాడు. పెద్దవాడికి తక్కువ హోదా దక్కడమే అన్నదమ్ముల పోరుకు బీజం వేసింది. సాంచో తమ్ముళ్లిద్దరినీ వెళ్లగొట్టాడు. ఉర్రాకా అండగా నిలిచిన జమోరా నగరాన్ని ముట్టడిస్తూ 1072 అక్టోబరులో హతుడయ్యాడు. తమ్ముడు అల్ఫోన్సో (ఆరో అల్ఫోన్సో) తిరిగివచ్చి మూడు రాజ్యాలనూ చేతిలోకి తీసుకుని, గార్సియాను బంధించి, 1090లో అతను చనిపోయేదాకా చెరలోనే ఉంచాడు.

1085లో టొలెడోను జయించిన ఆరో అల్ఫోన్సో వరుసగా ఎన్నో పెళ్లిళ్లు చేసుకున్నా ధర్మపత్నుల వల్ల బతికి బట్టకట్టిన మగపిల్లవాడు లేడు. సెవిల్ ముస్లిం రాజకుటుంబపు కోడలైన జైదా అనే ఆమె వల్ల ఒక కొడుకు పుట్టాడు. సాంచో అనే ఆ బాలుణ్ణి వారసుడిగా ప్రకటించారు. 1108లో ఉక్లేస్ యుద్ధంలో అతను చనిపోయాడు. అప్పుడు మిగిలింది కాన్‌స్టాన్స్ రాణి కూతురు ఉర్రాకా. అప్పటికే ఆమె భర్త, బర్గండీ రేమండ్, చనిపోయాడు. ఒక చిన్న కొడుకు ఉన్నాడు. 1109లో ఆమె స్వయంగా రాణి అయింది. భర్త పక్కన కూర్చున్న రాణిగా గాక, 1126లో మరణించేదాకా తన పేర శాసనాలు జారీచేసి, సైన్యం నడిపి, నాణేలు ముద్రించిన పాలకురాలిగా ఆమెను చూడాలి. లియోన్, కాస్టీల్‌లలో కూతురు రాజ్యమేలవచ్చు అనడానికి తర్వాతి తరాలకు ఆమె ఏలుబడే ఆధారమైంది.

ఆమెకు చేసిన రెండో పెళ్లి మాత్రం రాజ్యాన్ని అంతర్యుద్ధంలోకి నెట్టింది. వరుడు ఆరగాన్ రాజు మొదటి అల్ఫోన్సో. మూడో సాంచో కొడుకులైన ఫెర్నాండో, రామిరోల వైపు నుంచి లెక్కిస్తే ఈ దంపతులిద్దరూ ఆయనకు మునిమనుమలు, అంటే వరసకు అన్నాచెల్లెళ్లు. ఆ పెళ్లి సంతానం లేకుండానే కూలిపోయింది. 1111లో గలీషియా పెద్దలు, బిషప్పు డియేగో హెల్మిరెస్ పూనుకుని సాంతియాగోలో ఉర్రాకా మొదటి భర్త కొడుక్కి పట్టం కట్టారు. తల్లి తర్వాత అతనే ఏడో అల్ఫోన్సోగా అంతటికీ రాజయ్యాడు. ఉర్రాకాకు సవతి చెల్లెలు, ఆరో అల్ఫోన్సోకు వివాహేతర సంతానమైన తెరేసాకు భర్తతో కలిపి తండ్రి ఇచ్చిన పడమటి భూభాగం ఆమె కొడుకు అఫోన్సో హెన్రిక్స్ కాలానికి పోర్చుగల్ రాజ్యమైంది. కూతురికి ఇచ్చిన అరణం ఒక దేశంగా స్థిరపడిపోయిందంటే అతిశయోక్తి కాదు.

ఇక ఆరగాన్ సంగతి. ఉర్రాకాను విడిచిన మొదటి అల్ఫోన్సో మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1131లో బయోన్ ముట్టడిలో ఉండగా రాసిన వీలునామాలో తన రాజ్యాన్ని మూడు భాగాలుగా యెరూషలేములోని పవిత్ర సమాధి ఆలయానికీ, హాస్పిటలర్లు, టెంప్లార్లు అనే సైనిక సన్యాసి సంఘాలకూ రాసి ఇచ్చాడు. 1134లో ఫ్రాగా వద్ద ఓడిపోయి, కొద్ది వారాలకే చనిపోయాడు. ఈ వీలునామాను అమలు చేయడానికి ఆరగాన్ పెద్దలుగానీ అప్పుడు అదే రాజు కింద ఉన్న నవార్రా (పాత పాంప్లోనా) పెద్దలుగానీ ఒక్కరూ ముందుకు రాలేదు. రాజు రాజ్యాన్ని కొడుక్కి ఇవ్వవచ్చు, తమ్ముడికి ఇవ్వవచ్చు. వంశానికి బయటివారికి ధారపోసే హక్కు మాత్రం లేదన్న భావన వారిలో ఎంత బలంగా ఉందో ఇక్కడ తెలుస్తుంది. నవార్రా వారు వేరుపడి గార్సియా రామిరెస్‌ను రాజుగా నిలబెట్టుకున్నారు. ఆయన పాత పాంప్లోనా రాజవంశంలో వివాహేతర శాఖకు చెందినవాడు. తల్లి క్రిస్టినా, ఎల్ సిద్‌గా పేరుపొందిన వీరుడి కూతురు.

ఆరగాన్ వారికి మిగిలినవాడు చనిపోయిన రాజు తమ్ముడు రామిరో. ఆయన చిన్ననాటి నుంచీ సన్యాసి. మఠం నుంచి ఆయనను తెచ్చి గద్దెనెక్కించి, అక్విటేన్ ప్రభువు కూతురు ఆగ్నెస్‌తో పెళ్లి చేశారు. ఆమె వితంతువు, మొదటి భర్త వల్ల పిల్లలున్నారు. ఆమెకు సంతానం కలుగుతుందన్న నిశ్చయంతోనే ఈ ఎంపిక జరిగిందని ఊహించడానికి ఇబ్బందేమీ లేదు. 1136లో పుట్టింది ఆడపిల్ల, పెట్రోనిలా. 1137 ఆగస్టులో బార్బాస్ట్రోలో, ఏడాది వయసున్న ఆ బిడ్డను బార్సిలోనా కౌంటు నాలుగో రామోన్ బెరెంగేర్‌కు ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. రామిరో రాజు బిరుదును తన దగ్గరే ఉంచుకుని పాలనాధికారం అల్లుడికి అప్పగించి, వెస్కాలోని శాన్ పెద్రో మఠానికి తిరిగి వెళ్లిపోయాడు. అల్లుడు జీవితాంతం ఆరగాన్ ‘ప్రభువు’గానే వ్యవహరించాడు, రాజునని ఎన్నడూ చెప్పుకోలేదు. వీలునామా లబ్ధిదారులైన టెంప్లార్లకు 1143లో మోన్సోన్ తదితర కోటలు ఇచ్చి రాజీ చేసుకున్నారు.

ఈ కథలో నన్ను బాగా ఆలోచింపజేసిన పత్రం ఒకటి ఉంది. 1152 ఏప్రిల్‌లో, పదిహేనేళ్ల వయసులో, బార్సిలోనాలో ప్రసవవేదన పడుతూ పెట్రోనిలా వీలునామా రాయించింది. పుట్టేది మగపిల్లవాడైతే ఆరగాన్ రాజ్యమంతా వాడిది. ఆడపిల్లయితే తన భర్త ఆమెకు గౌరవంగా పెళ్లి చేయాలి, రాజ్యం మాత్రం తన భర్తకే చెందాలి. ఆడపిల్లగా పుట్టినా ఆరగాన్ వంశానికి తానొక్కతే మిగిలినందువల్ల రాజ్యం ఎవరి ద్వారా బార్సిలోనాకు చేరిందో, ఆవిడే తన కడుపున పుట్టబోయే ఆడపిల్లకు ఆ హక్కు లేదని రాసింది. పక్కన భర్త ఒత్తిడి ఎంత ఉందో ఆ పత్రం చెప్పదు. 1164లో, వితంతువయ్యాక, తన హక్కును కొడుకు రెండో అల్ఫోన్సోకు పూర్తిగా వదులుకుంది. ఆరగాన్‌లో స్త్రీ హక్కును మోసుకుపోగలదు గానీ దాన్ని అనుభవించలేదన్న ఆనవాయితీ ఇలా ఆ రాజ్యంలోని ఏకైక వారసురాలి చేతనే స్థిరపడింది.

పడమట ఏడో అల్ఫోన్సో కూడా తాత ముత్తాతల తప్పునే చేశాడు. 1157లో ఆయన పోయాక కాస్టీల్ పెద్దకొడుకు మూడో సాంచోకు, లియోన్ రెండోవాడు రెండో ఫెర్నాండోకు వెళ్లాయి. సాంచో ఏడాదికే చనిపోగా ఆయన పసివాడైన కొడుకే ఎనిమిదో అల్ఫోన్సో. ఫెర్నాండో కొడుకు తొమ్మిదో అల్ఫోన్సో. మొదట్లో చెప్పిన మామా అల్లుళ్లు వీరే.

తొమ్మిదో అల్ఫోన్సో పెళ్లిళ్లు తెలుగు పాఠకులు తేలిగ్గా పట్టుకోగలిగినవి. 1191లో ఆయన పోర్చుగల్ రాకుమారి తెరేసాను చేసుకున్నాడు. ఆయన తల్లి పోర్చుగల్ ఆడపడుచు. తెరేసా ఆ తల్లి తోడబుట్టినవాడి కూతురు. మన లెక్కలో నిఖార్సయిన మేనరికం. ఆ పెళ్లిని రోమ్ ఒప్పుకోలేదు. ముగ్గురు పిల్లలు కలిగాక విడిపోక తప్పలేదు. 1197లో ఆయన ఎనిమిదో అల్ఫోన్సో పెద్దకూతురు బెరెంగేలాను చేసుకున్నాడు. ఆమె ఆయనకు పెదనాన్న కొడుకు బిడ్డ, అంటే మన వరసల్లో కూతురితో సమానం. మనవారు మొదటిదాన్ని ముచ్చటపడి చేసి, రెండోదాన్ని తలవనైనా తలవరు. రోమన్ చర్చికి ఈ తేడా లేదు. తల్లి వైపా తండ్రి వైపా, మేనమామ బిడ్డా పెదనాన్న వంశమా అన్నది చూడకుండా, ఉమ్మడి పూర్వీకుడి నుంచి ఎన్ని తరాల దూరమన్నదే అది లెక్కపెట్టేది. 1215లో చర్చి పెద్దలు జరిపిన లాటరన్ మహాసభ దాకా ఏడో తరం వరకూ పెళ్లి నిషిద్ధం. రాజకుటుంబాలన్నీ పాంప్లోనా మూడో సాంచో సంతతే అయిన చోట ఈ నియమం ప్రకారం చెల్లే సంబంధం దొరకడమే కష్టం. దీనివల్ల పోపు చేతికి గొప్ప ఆయుధం చిక్కింది. నచ్చని పొత్తును రద్దు చేయవచ్చు, నచ్చినదానికి మినహాయింపు ఇవ్వవచ్చు. మూడో ఇన్నోసెంట్ పోపు పట్టుబట్టడంతో 1204లో బెరెంగేలా కూడా భర్తను విడిచి కాస్టీల్‌కు తిరిగివచ్చింది. ఆమె పిల్లల్లో ఒకడు ఫెర్నాండో.

ఎనిమిదో అల్ఫోన్సో 1214లో పోయేనాటికి బతికున్న కొడుకు పదేళ్ల ఎన్రికే ఒక్కడే. లారా వంశపు ఆల్వారో నూన్యెస్ ఆ బాలుణ్ణి తన సంరక్షణలోకి తీసుకున్నాడు. 1217 జూన్‌లో, పాలెన్సియాలోని బిషప్పు భవనంలో తోటి పిల్లలతో ఆడుకుంటుండగా పైకప్పు నుంచి జారిన పెంకు తలకు తగిలి బాలరాజు చనిపోయాడు. ఆ మరణాన్ని దాచడానికి ఆల్వారో మృతదేహాన్ని తారియేగో కోటకు తరలించాడు. కబురు బెరెంగేలాకు తెలియనే తెలిసింది. పెద్దక్కగా రాజ్యం ఇప్పుడు ఆమెది. అయితే పదహారేళ్ల ఫెర్నాండో లియోన్‌లో తండ్రి దగ్గర ఉన్నాడు. తమ్ముడు పోయాడని తెలిస్తే మాజీ భర్త కాస్టీల్‌ను తనకే కావాలంటాడు. కాబట్టి ఆమె ఏమీ జరగనట్లు ఇద్దరు పెద్దమనుషుల్ని తోరో పట్టణానికి పంపి, కొడుకును చూడాలని ఉందని కబురు పెట్టింది. కుర్రవాడు చేతికొచ్చాకే అసలు విషయం బయటపెట్టింది. జూలై మొదట్లో వల్యాదొలీద్ ఊరి బయట జనం, ప్రభువులు కూడిన చోట ఆమెను రాణిగా అంగీకరించారు. ఆమె అక్కడికక్కడే రాజ్యాన్ని కొడుక్కి అప్పగించింది.

దీన్ని త్యాగంగా వర్ణించడం పరిపాటి. నాకది లెక్కించి వేసిన అడుగుగా కనిపిస్తుంది. ముందు హక్కు ఆమెదని సభ చేత ఒప్పించి, ఆ తర్వాతే బదిలీ చేయడం వల్ల మూడో ఫెర్నాండో అధికారానికి తల్లి పక్షమే మూలమని నిర్ధారణ అయింది. లియోన్ రాజైన తండ్రి ఆయన ద్వారా కాస్టీల్ మీద పెత్తనం కోరే దారి మూసుకుపోయింది. ఆమె 1246లో కన్నుమూసేదాకా పాలనలో కొడుకు పక్కనే ఉంది.

1230 సెప్టెంబరులో తొమ్మిదో అల్ఫోన్సో చనిపోయాడు. ఆయన తన రాజ్యాన్ని ఫెర్నాండోకు ఇవ్వదలచుకోలేదు. తెరేసా కన్న కూతుళ్లు సాంచా, దుల్సేలను వారసులుగా నిలిపాడు. కాస్టీల్‌కు రాణి హక్కు ఇచ్చిన నియమమే ఇప్పుడు లియోన్‌లో బెరెంగేలా కొడుక్కి అడ్డువచ్చింది. యుద్ధం తప్పదనుకున్న వేళ సంధి కుదిర్చినవారు ఇద్దరు తల్లులు. తెరేసా, బెరెంగేలా వలెన్సియా దె దోన్ హువాన్ అనే ఊరిలో కలుసుకుని మాట్లాడుకున్నారు. ఇద్దరూ ఒకే మనిషికి భార్యలైనవారు. ఇద్దరి పెళ్లీ చెల్లదని చర్చి విడదీసిందే. ఒకరి పిల్లలు సక్రమ సంతానం కాదంటే రెండోవారికీ అదే వర్తిస్తుంది కాబట్టి ఆ వాదనతో ఎవరికీ లాభం లేదు. డిసెంబరు 11న బెనవెంతే ఒప్పందంలో అక్కాచెల్లెళ్లు తమ హక్కు వదులుకున్నారు. బదులుగా ఏడాదికి 30,000 మరవేదీల బంగారు నాణేల మనోవర్తి పొందారు. అప్పుడు కలిసిన లియోన్, కాస్టీల్ మరి శాశ్వతంగా విడిపోలేదు. ఇంత పెద్ద ఫలితం ఒక్క యుద్ధమైనా లేకుండా వచ్చిన సందర్భం ఆ శతాబ్దాల్లో మరొకటి నాకు కనిపించదు.

రాజ్యం విభజించరానిదన్న సూత్రం ఆ తర్వాత చట్టంగా మారింది. మూడో ఫెర్నాండో కొడుకు పదో అల్ఫోన్సో రాయించిన ‘సియెతె పార్తీదాస్’ అనే ధర్మసంహితలో రెండో భాగం వారసత్వ క్రమాన్ని స్పష్టంగా చెబుతుంది. పెద్దకొడుక్కే రాజ్యం, కొడుకులు లేకపోతే పెద్దకూతురికి, తండ్రి కంటే ముందే పెద్దకొడుకు చనిపోతే అతని ధర్మపత్ని కన్న బిడ్డకు, ఆడైనా మగైనా. ఈ చివరి నిబంధనే ఆ రాజు మెడకు చుట్టుకుంది. 1275లో మొరాకో సేనలను ఎదుర్కోవడానికి వెళుతూ ఆయన పెద్దకొడుకు ఫెర్నాండో దె లా సెర్దా దారిలో చనిపోయాడు, ఇద్దరు పసివాళ్లున్నారు. రెండో కొడుకు సాంచో సరిహద్దుకు వెళ్లి రక్షణ బాధ్యత నెత్తికెత్తుకుని, పాత ఆచారం ప్రకారం బతికున్న పెద్దకొడుకును తానేనన్నాడు. కొత్త చట్టం మనుమడి పక్షం, పాత ఆచారం కొడుకు పక్షం. చట్టం రాయించిన రాజు నిర్ణయం తేల్చుకోలేకపోయాడు. నాయనమ్మ వియొలాంతె రాణి స్వయంగా ఆ పసివాళ్లను, వారి తల్లిని వెంటబెట్టుకుని తన తమ్ముడి రాజ్యమైన ఆరగాన్‌కు వెళ్లిపోయింది. 1282లో వల్యాదొలీద్ సభ పాలనాధికారాన్ని రాజు నుంచి తీసి సాంచోకు ఇచ్చింది. పదో అల్ఫోన్సో కొడుకును శపించి, వారసత్వం నుంచి తొలగిస్తూ వీలునామా రాసి, 1284లో సెవిల్‌లో మరణించాడు. సాంచోయే నాలుగో సాంచోగా రాజయ్యాడు.

సెర్దా శాఖ హక్కు అంతటితో మాసిపోలేదు. 1369లో మోంతియెల్ వద్ద ఎన్రికే దె త్రాస్తామరా తన సవతి తమ్ముడు, ‘క్రూరుడు’గా పేరుపడ్డ కాస్టీల్ రాజు పెద్రోను చంపి గద్దెనెక్కాడు. ఆయన పదకొండో అల్ఫోన్సోకు వివాహేతర సంతానం. పెద్రో కూతురు కాన్‌స్తాన్సాను పెళ్లాడిన ఇంగ్లండ్ రాకుమారుడు జాన్ ఆఫ్ గాంట్ కాస్టీల్ తనదని సైన్యంతో దిగాడు. అప్పుడు, 1386లో సెగోవియా సభలో, ఎన్రికే కొడుకు మొదటి హువాన్ తండ్రి పేరెత్తకుండా తల్లి పేరెత్తాడు. ఆమె, హువానా మనుయేల్, సెర్దా వంశపు మనుమరాలు. కాబట్టి నాలుగో సాంచో నుంచి పెద్రో దాకా గద్దెనెక్కినవారే అన్యాయంగా ఏలారనీ, తన తల్లి ద్వారా అసలు హక్కు తనదేననీ వాదించాడు. శతాబ్దం పైగా మరుగున ఉన్న ఆడశాఖ ఇలా ఒక పూట రాజవంశానికి మూలాధారమైంది. రెండేళ్లకు హువాన్ కొడుకు ఎన్రికేకు కాన్‌స్తాన్సా కూతురు కాతలీనాను ఇచ్చి తగవు తీర్చారు.

ఆరగాన్ తన దారి వదల్లేదు. 1347లో ఆరగాన్ రాజు నాలుగో పెద్రో తన కూతురు కాన్‌స్తాన్సాను వారసురాలిగా ప్రకటించగానే తమ్ముడు, ఉర్హెల్ కౌంటు హాయిమే, ప్రభువుల కూటమితో కలిసి తిరగబడ్డాడు. రాజు 1348లో తిరుగుబాటును అణిచాడు గానీ, కూతుర్ని నిలపాలన్న ప్రయత్నం కొడుకు పుట్టడంతో అవసరం లేకుండా పోయింది. 1410లో మర్తీన్ రాజు బతికున్న సంతానం లేకుండా చనిపోగా ప్రశ్న మళ్లీ మొదలైంది. ఈసారి పోటీ దాయాదికీ మేనల్లుడికీ మధ్య. ఉర్హెల్ కౌంటు రెండో హాయిమే పూర్తిగా మగవరసలో రాజవంశీయుడు. కాస్టీల్ రాకుమారుడు ఫెర్నాండో రాజు తోబుట్టువు లియొనోర్ కొడుకు. ఆరగాన్, కాటలోనియా, వలెన్సియాల నుంచి ముగ్గురేసి చొప్పున తొమ్మిదిమంది పెద్దలు కాస్పెలో కూర్చుని 1412 జూన్‌లో ఆరు ఓట్లతో మేనల్లుడికే తీర్పు ఇచ్చారు. ఫెర్నాండో సైన్యబలం, డబ్బు, పోపు అండ ఆ తీర్పు వెనుక లేవని చెప్పలేం. అయినా పెట్రోనిలా నాటి ఆనవాయితీకి ఆ తీర్పు సరిపోయింది: స్త్రీ ఏలకపోయినా ఆమె కొడుకు ఏలవచ్చు.

ఈ రెండు సంప్రదాయాలూ 1474 డిసెంబరు 13న సెగోవియాలో ఎదురెదురుగా నిలిచాయి. నాలుగో ఎన్రికే చనిపోయిన వెంటనే ఆయన సవతి చెల్లెలు ఇసబెల్లా తనను రాణిగా ప్రకటించుకుంది. ఎన్రికే రాణికి పుట్టిన హువానా ఆయన బిడ్డ కాదన్న ప్రచారం ఆమె పక్షానికి ఊతమిచ్చింది. ఆ ప్రచారంలో నిజమెంతో తేల్చే ఆధారం ఏ పక్షమూ చూపలేదు. ఆ రోజు ఆమె భర్త, ఆరగాన్ యువరాజు ఫెర్నాండో, జరగోజాలో ఉన్నాడు. భార్య ముందు రాజ్యాధికార చిహ్నమైన కత్తిని ఎత్తి పట్టుకుని ఊరేగించారని విని ఆయన విస్తుపోయాడు. ఆయన కూడా త్రాస్తామరా వంశపు మగవరసలో పుట్టినవాడే. ఆరగాన్ ఆలోచన ప్రకారం కాస్టీల్ తనకే రావాలి. 1475 జనవరిలో సెగోవియా ఒప్పందం ఆమె స్వంత హక్కును నిలబెట్టి, పాలనలో ఆయనకు భాగం కల్పించింది. ఆ సందర్భంలో ఇసబెల్లా చెప్పిందని ఆస్థాన చరిత్రకారుడు రాసిన కారణం చాలా గట్టిది: తమకు అప్పటికి ఉన్నది ఒక్క కూతురే, ఆడవారికి హక్కు లేదంటే రేపు నష్టపోయేది ఆ బిడ్డే.

ఆ బిడ్డ పేరు కూడా ఇసబెల్లాయే. 1498లో ఆమె వారసురాలిగా నిలిచే పరిస్థితి వచ్చినప్పుడు కాస్టీల్ సభ ప్రమాణం చేసింది. జరగోజాలో ఆరగాన్ సభ ఆడదానికి ప్రమాణం చేయబోమంది. అప్పటికి ఆమె నిండు గర్భిణి. ఆగస్టు 23న మిగేల్‌ను కని చనిపోయింది. తల్లికి దక్కని ప్రమాణం నెల తిరక్కుండా ఆ పసికందుకు దక్కింది. రెండేళ్లకే మిగేల్ పోయాడు. 1502లో ఆరగాన్ మొదటిసారి ఒక స్త్రీకి, ఇసబెల్లా చెల్లెలు హువానాకు, వారసురాలిగా ప్రమాణం చేసింది; ఫెర్నాండోకు ధర్మపత్ని వల్ల కొడుకు పుడితే ఆ ప్రమాణం చెల్లదన్న షరతు పెట్టింది. ఇసబెల్లా రాణి పోయాక ఫెర్నాండో ఫ్వా వంశపు జెర్మెయిన్‌ను చేసుకున్నాడు. 1509 మే నెలలో వల్యాదొలీద్‌లో ఆమె మగపిల్లవాణ్ణి కన్నది. ఆ పిల్లవాడు కొన్ని గంటలే బతికాడు. బతికివుంటే ఆరగాన్ అతనిది, కాస్టీల్ హువానాది అయ్యేవి.